చివరి స్క్రూ మామగారిది

ఆ ఇంట్లో తెల్లవారడం అందరి ఇళ్ళలో లాగే ఉండేది. ముందు అత్తగారు లేచి వంటింట్లో గిన్నెలు మోగించేది. తర్వాత కొడుకు, బడిలో లెక్కల మాస్టారు, చీకటి విడకముందే బూట్లు తొడుక్కుని నడకకు వెళ్ళేవాడు. కోడలిది కుంభకర్ణుడి నిద్ర. అందరికంటే చివర లేచి, జుట్టు ముడేసుకుని, మరకల పనిబట్టలు తొడుక్కుని, సగం తెరిచిన కళ్ళతోనే ఇంటి వెనక షెడ్డులోకి నడిచేది. ఆమె ఇంజన్ల మెకానిక్కు. ఆ విద్య నేర్పింది మామగారే. పోయిన చలికాలంలో ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశాడు.

ఆ రోజు మాత్రం ముగ్గురూ షెడ్డులోనే ఉన్నారు. మధ్యలో మామగారి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఆకుపచ్చది, బానెట్ ఎత్తి నిలబడి ఉంది. ఆయన వయసులో ఉండగా ముచ్చటపడి కొనుక్కున్న బండి. ఇంజను విప్పి పెట్టెల్లో సర్దాడు కానీ, తిరిగి బిగించేలోపు మంచాన పడ్డాడు. ఆ పెట్టెల్లోని ముక్కల్ని కోడలు ఒక్కొక్కటే కడిగి, అరిగినవి మార్చి, మళ్ళీ ఇంజనుగా నిలబెట్టింది. ముందు రోజు మధ్యాహ్నం, మంచి ఎండలో, కార్బొరేటర్లలో కాస్త పెట్రోలు పోసి తిప్పితే బ్రహ్మాండంగా నడిచింది. తన ఘనకార్యం ఇంట్లోవాళ్ళకు చూపించాలని పొద్దున్నే ఇద్దర్నీ పిలిచింది.

"ఆ కాఫీ కప్పు కింద పెట్టి చూడండి. మీ నాన్నగారి బండి ఎలా లేస్తుందో," అంది భర్తతో.

"నేను చూసేదేముందిలే. స్పానర్‌కీ స్క్రూడ్రైవర్‌కీ తేడా తెలియనివాణ్ణి," అంటూ మాస్టారు కప్పుతోనే గోడకు ఆనుకున్నాడు.

చలికి అందరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. కోడలు చోక్ పిడి పూర్తిగా లాగి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. అందుకున్న మరుక్షణం బానెట్ కింది నుంచి దగ్గు వినిపించింది. రెండు పొట్టి దగ్గులు. కాస్త విరామం. తర్వాత ఒక పొడుగాటి దగ్గు, గొంతు సవరించుకున్నట్టు చిన్న గురగుర. మళ్ళీ రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

మాస్టారి చేతిలోని కప్పు జారి నేల మీద పడి పగిలింది. ఆ దగ్గు వాళ్ళకు తెలుసు. పోయిన చలికాలం అంతా పక్క గది గోడలోంచి రోజూ పొద్దున్నే విన్న దగ్గే అది.

అత్తగారు శాలువా సర్దుకుని, బండి వైపు ఒక అడుగు వేసి, "లేచారా?" అంది మెల్లగా.

కాసేపటికి ఇంజను వేడెక్కింది. దగ్గు పలచబడి, మాయమై, మెత్తటి హోరు మాత్రం మిగిలింది. అత్తగారు ఇంకా అక్కడే చెవి ఒగ్గి నిలబడి ఉంది.

ఇంజను దగ్గడం వింతేమీ కాదని కోడలు తనకు తాను చెప్పుకుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు చాలకపోతే, సిలిండర్‌లో అంటుకోవలసిన మంట వెనక్కి తన్ని కార్బొరేటర్ నోట్లోంచి బయటికి వస్తుంది. దాన్ని మెకానిక్కులు దగ్గనే అంటారు. వింతేమిటంటే ఆ వరస. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది ఎందుకు రావాలో ఆమెకు తెలియదు. ఏ మెకానిక్కూ చెప్పలేడు కూడా.

ఈ జబ్బుతో ఇంకో చిక్కుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఒకసారి వేడెక్కిందంటే లక్షణాలన్నీ దాచేసుకుని పెద్దమనిషిలా కూర్చుంటుంది. మళ్ళీ రాత్రంతా చల్లారితే కానీ పరీక్ష పెట్టడానికి వీల్లేదు. అంటే రోజుకు ఒక్క అవకాశం, అదీ పొద్దున్నే. కోడలు పట్టుదల మనిషి. ఒక రోజు వాల్వుల సందులు కొలిచింది, సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు గ్యాస్కెట్ దగ్గర గాలి దొంగతనంగా దూరుతోందేమోనని అంచుల వెంట స్ప్రే కొట్టి చూసింది, చప్పుడు మారలేదు. ఇంకో రోజు కరెంటు వైర్లన్నీ మార్చింది. అయినా పొద్దున్నే చోక్ లాగి తాళం తిప్పగానే దగ్గు.

ఆ దగ్గు వినడానికి అత్తగారు రోజూ వచ్చేది. షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని, శాలువా కప్పుకుని, ఎవరినో చూడటానికి ఆసుపత్రికి వచ్చినట్టు కూర్చునేది. ఇంజను వేడెక్కి దగ్గు ఆగగానే లేచి వెళ్ళిపోయేది. అక్కడితో అయితే సరేననుకోవచ్చు. కానీ కోడలు ఇంకొకటి గమనించింది. వంటింట్లోంచి షెడ్డుకు వెళ్ళే తలుపు పక్కన కిటికీ గట్టు ఉంది. మామగారు రోజూ కాఫీ తాగుతూ నిలబడే చోటది. ఆ గట్టు మీద పొద్దున్నే ఒక కప్పు ఉంటోంది.

"ఆ కప్పు ఎవరికి అత్తయ్యా?" అని అడిగింది ఒకరోజు.

"తాగేవాళ్ళకి," అంది అత్తగారు గిన్నెలు తోముతూ.

కోడలు కప్పు అందుకుని చూసింది. ఖాళీగా ఉంది. అడుగున తడి ఇంకా ఆరలేదు. అత్తగారు కాఫీ ముట్టదు, ఆవిడకు పడదు. మాస్టారు ఇంకా నడక నుంచి రాలేదు. కోడలు కప్పును ఉన్నచోటనే పెట్టేసి, చేతులు పనిబట్టలకు తుడుచుకుంటూ గబగబా షెడ్డులోకి వెళ్ళిపోయింది.

మాస్టారు మటుకు ఆ దగ్గు వినపడినప్పుడల్లా మండిపడేవాడు.

"ఇదేం ఇల్లా, దెయ్యాల కొంపా? దాన్ని ఎవరికైనా ఇచ్చి పంపెయ్యి!"

"ఒక్క వారం ఓపిక పట్టండి. దొరికిపోతుంది."

"నీకు దొరికేలోపు మా అమ్మ మాకు దొరక్కుండా పోతుంది. చూస్తున్నావుగా, రోజూ వెళ్ళి ఆ ఇనపముక్క ముందు కూర్చుంటోంది. నిన్న దాంతో మాట్లాడుతోంది కూడా."

అత్తగారు మాట్లాడటం కోడలు కూడా విన్నది. "ఇంకా చలిగానే ఉందా?" అంటోంది ఆవిడ, బానెట్ వైపు చూస్తూ.

ఆ తర్వాతి ఉదయం కోడలు పంథా మార్చింది. ఇంజను వేడెక్కేదాకా ఆగకుండా, దగ్గు మంచి జోరు మీద ఉండగానే ఇంజను ఆపేసింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గుమ్మంలో అత్తగారు ఉలిక్కిపడి లేచింది. కోడలు అటు చూడకుండా నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి బల్ల మీద వరసగా పెట్టింది. ముందు రెండూ మసి పట్టి నల్లగా ఉన్నాయి. వెనక రెండూ ఎముకల్లా తెల్లగా ఉన్నాయి. వాటికి పెట్రోలు పంపే వెనక కార్బొరేటర్ చల్లటి పూట సరిపడా పంపడం లేదన్న మాట. చోక్ పిడి లాగితే ఒక సన్నటి కడ్డీ తిరిగి రెండు కార్బొరేటర్లలోనూ పెట్రోలు ఎక్కువ వచ్చేలా చెయ్యాలి. ఆమె టార్చి నోట కరచుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చి, కడ్డీ తిప్పి చూసింది. ముందు కార్బొరేటర్ కదిలింది. వెనకది కదల్లేదు. కడ్డీని వెనక కార్బొరేటర్‌కు పట్టి ఉంచే స్క్రూ వేలితో తిప్పితే తిరుగుతోంది. దాన్నెవరూ అసలు బిగించనే లేదు.

కోడలు అలాగే బండి మీదకు వంగి ఉండిపోయింది. తప్పు తనదే. ఇంతటి ఇంజను బిగించి ఈ ఒక్క స్క్రూ ఎందుకు వదిలేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. మామగారికి ఒక అలవాటుండేది. కార్బొరేటర్లు సరిచేశాక అన్నిటికంటే ఆఖర బిగించవలసింది ఆ స్క్రూనే. ఏ బండి అయినా, ఎవరు పనిచేసినా, అక్కడికొచ్చేసరికి ఆయన, "తప్పుకో అమ్మాయ్, చివరి స్క్రూ నాది" అంటూ స్క్రూడ్రైవర్ లాక్కునేవాడు. ఆయన దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ ఆ స్క్రూ బిగించలేదు. అక్కడి దాకా వచ్చి పక్కకు తప్పుకోవడమే ఆమె చేతులకు అలవాటు. ఈసారి కూడా తప్పుకుంది. తప్పుకుని, బిగించే మనిషి లేడన్న సంగతి మరిచిపోయింది.

ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చి, స్క్రూ తనే బిగించింది. కడ్డీ తిప్పి చూస్తే రెండు కార్బొరేటర్లూ బుద్ధిగా కదిలాయి. సాయంత్రం అన్నాల దగ్గర, "దొరికింది. రేపట్నుంచి దగ్గదు," అని చెప్పింది. మెచ్చుకుంటారేమోనని చూసింది. అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. కొడుకు కంచంలోకి చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న చోక్ లాగి తాళం తిప్పింది. రెండు పొట్టివి. ఒకటి పొడుగుది.

బానెట్ ఎత్తి చూస్తే స్క్రూ వదులుగా ఉంది. అదురుకు ఊడిందేమో అనుకుంది, ఇంకాస్త గట్టిగా బిగించింది. ఆ మర్నాడు మళ్ళీ దగ్గు, మళ్ళీ వదులు. ఈసారి బిగించాక గోళ్ళ రంగు తెచ్చి, స్క్రూ తల మీద నుంచి కడ్డీ మీదకు ఎర్రటి గీత ఒకటి గీసింది. స్క్రూ ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

పొద్దున్నే వెళ్ళి ముందు బానెట్ ఎత్తింది. గీత తెగి ఉంది. స్క్రూ తల మీది సగం ఒక వైపుకు, కడ్డీ మీది సగం ఇంకో వైపుకు చూస్తున్నాయి. తాళం వేసిన తలుపు వేసినట్టే ఉంది. ఆమె తలగడ కింది తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. చివరి స్క్రూ నాది అన్న గొంతు చెవి పక్కనే పలికినట్టయింది. గుమ్మంలో అత్తగారు అప్పుడే స్టూలు వేసుకుంటోంది.

"ఇవాళ బండి తియ్యడం లేదు అత్తయ్యా," అని బానెట్ దించేసింది కోడలు.

ఆ రోజు దగ్గు లేదు. ఇల్లు హాయిగా ఉండవలసింది పోయి, ఊపిరి బిగపట్టినట్టు ఉంది. మాస్టారు నడక నుంచి వచ్చి, స్నానానికి వెళ్ళకుండా హాల్లో అటూ ఇటూ తిరిగాడు.

"ఏమిటివాళ చప్పుడు లేదు?" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"మీరేగా దెయ్యాల కొంప అన్నారు."

"అన్నాను. ఊరికే అడిగాను," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

సాయంత్రం అన్నాల దగ్గర ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆదివారం లారీ వస్తుంది. తెలిసినాయనొకడు బండి తీసుకెళ్ళిపోతాడు. ఇక దీని మీద మాటలు వద్దు."

"నన్నడక్కుండానా? దాని మీద చెమటోడ్చింది నేను!"

"అమ్మ ఏమైపోతుందో చూడవా? కిటికీ గట్టు మీద కప్పు పెడుతోంది. చచ్చిపోయినవాడికి కాఫీ పోస్తోంది. రేపు ఇంకేం చేస్తుందో! ఆ బండి ఉన్నన్నాళ్ళు ఆవిడ మనిషి కాదు."

కోడలికి ఉక్రోషం వచ్చింది. ఇన్నాళ్ళు పెదవి దాటనివ్వని మాట నోరు జారింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ స్క్రూ వదులు చేస్తున్నది మీరే కదూ?"

అత్తగారు నవ్వలేదు, కోప్పడలేదు. రెండు చేతులూ బల్ల మీద చాపింది. వేళ్ళ కణుపులు వాచి, వంకర్లు తిరిగి ఉన్నాయి. "సీసా మూత కూడా నువ్వే తీసిపెడతావు కదే నాకు. వీటితో స్క్రూలు తిప్పుతానా?"

కోడలు సిగ్గుతో తల దించుకుంది. మాస్టారు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆయన వెనకే తలుపు మూసుకున్నాక, అత్తగారు కోడలి వైపు వంగింది.

"రేపు నాతో పాటు లేవగలవా? నీ నిద్ర నాకు తెలుసు. నేనే తట్టి లేపుతాను. దీపం వెయ్యకుండా వంటింట్లో కూర్చుందాం."

చీకటి ఇంకా పలచబడక ముందే ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. స్టవ్ మీద నీలం మంట తప్ప వెలుగు లేదు. అత్తగారు కాఫీ కలిపి, కప్పు తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టి వచ్చింది. కోడలు ఆవిడ శాలువా అంచు చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇంత పెద్ద ఇంజన్లు ఎత్తి దించే మనిషి ఆ అంచును చిన్నపిల్లలా వదలడం లేదు. కాసేపటికి బయట అడుగుల చప్పుడు. షెడ్డు తాళం మెత్తగా తిరిగింది. లోపల టార్చి వెలుగు కదిలింది. ఇనుము మీద ఇనుము రాసుకున్న చిన్న కిర్రు వినిపించింది.

"వెళ్ళు. భయపడకు. నేనున్నాను," అంది అత్తగారు.

కోడలు షెడ్డు తలుపు తోసింది. బానెట్ ఎత్తి ఉంది. దాని మీదకు వంగి, టార్చి నోట కరచుకుని, నడక బూట్లతో లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. చెయ్యి చూడకుండానే కార్బొరేటర్ల వెనక్కి పోయింది. స్క్రూడ్రైవర్‌ను మామగారు పట్టుకున్నట్టే, పిడి అరచేతికి ఆన్చి పట్టుకున్నాడు. గుమ్మంలో భార్యను చూసి టార్చి వదిలేశాడు.

"మీరా!" అంది ఆమె.

మాస్టారు స్క్రూడ్రైవర్‌ను వెనక్కి దాచబోయి, దాచలేక, అలాగే పట్టుకున్నాడు. "చిన్నప్పుడు నాన్నకి టార్చి పట్టేవాణ్ణి. ఆ స్క్రూ ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలను. నాన్న తాళంచెవి నా దగ్గరే ఉంది."

"పంపెయ్యమన్నది మీరు. దెయ్యాల కొంప అన్నది మీరు. అత్తయ్యకి మతి పోతోందన్నది మీరు! నేను బిగిస్తుంటే మీరు విప్పుతున్నారా? నేను భయంతో చచ్చిపోయాను, తెలుసా?"

"తెలుసు. అందుకే పంపెయ్యమన్నాను. అది కళ్ళ ముందుంటే నన్ను నేను ఆపుకోలేకపోతున్నాను."

"ఎందుకండీ మరి?"

ఆయన గొంతు బడిలో పాఠం చెప్పే గొంతులా లేదు. "పోయిన చలికాలం నువ్వు నిద్రలో ఉండేదానివి. నాకు తెల్లవారుజామునే మెలకువ వచ్చేది. కదలకుండా పడుకుని గోడకేసి చెవి పెట్టేవాణ్ణి. నాన్న దగ్గితే ఉన్నాడన్న మాట. అప్పుడు లేచేవాణ్ణి. రోజూ అంతే. ఒకరోజు ఎంతసేపు విన్నా దగ్గు రాలేదు. అమ్మ వంటింట్లో ఉంది, గోడ అవతలికి వెళ్ళి చూడాల్సింది నేనే కదా. లేవలేదు. తెల్లగా తెల్లారేదాకా అలాగే పడుకుని విన్నాను." ఆయన బండి అంచు పట్టుకున్నాడు. "ఇది దగ్గిన రోజున... మళ్ళీ దగ్గు వినపడింది. నువ్వు వెళ్ళి దాన్ని ఆపేశానన్నావు."

కోడలి కోపం ఎటు పోయిందో తెలియలేదు. మామగారు పోయిన రోజు నుంచి భర్త కంట చుక్క నీరు చూడలేదామె. రాతి మనిషి అనుకుంది. ఒకటి రెండు సార్లు మనసులో తిట్టుకుంది కూడా.

అత్తగారు కాఫీ కప్పు పట్టుకుని లోపలికి వచ్చింది. "మొదటి రోజు నేనూ ఆయనే అనుకున్నాన్రా. పిచ్చిదాన్నై పిలిచాను కూడా. మర్నాడు చీకట్లో నువ్వు ఊరికే బండి దగ్గర కూర్చుని, షెడ్డులోంచి రావడం చూశాను. ఇంకా చలిగానే ఉందా అని అడిగింది బండిని కాదు. నువ్వు ఎత్తిన బానెట్ వెనక నిలబడి ఉంటే నిన్నే అడిగాను. నువ్వు పలకలేదు. గట్టు మీద కప్పు పెడితే తాగుతున్నావు కానీ, ఎవరు పెట్టారని ఒక్కనాడూ అడగలేదు. నువ్వుగా చెప్తావని చూశాను. నిన్ను అడగాలంటే నాకూ నోరు రాలేదు. ఇద్దరం దొంగలమే."

మాస్టారు తల్లి వైపు చూడలేకపోయాడు.

"నాకు ఆ దగ్గు వద్దురా," అంది అత్తగారు. "ఆ దగ్గుతో ఆయన ఎంత నరకం పడ్డారో మంచం పక్కన కూర్చుని చూసిందాన్ని నేను. ఆగిననాడు ఆయన మొహం హాయిగా ఉంది. అది నువ్వు చూడలేదు. రోజూ పొద్దున్నే మళ్ళీ ఆయన్ని దగ్గిస్తున్నావు. వినలేక వినలేక కూర్చునేదాన్ని, నిన్ను ఒంటరిగా వదల్లేక."

కోడలు కింద పడ్డ టార్చి తీసి, బానెట్ కింద కార్బొరేటర్ల వెనక వెలుగు పట్టింది. ఇది చెయ్యవలసింది తను కాదని ఆమెకు తెలుస్తోంది. అలవాటు ప్రకారం ఒక అడుగు పక్కకు తప్పుకుంది.

"బిగించండి," అంది.

మాస్టారు చెయ్యి లోపల పెట్టాడు. చేతికి స్క్రూ రెండుసార్లు దొరికి జారింది. మూడోసారి కూర్చుంది. బిగించాడు. ఇంకొంచెం బిగించాడు. చెయ్యి వెంటనే తియ్యకుండా ఆ చల్లటి ఇనుము మీదే కాసేపు ఉంచాడు. కోడలు వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని, చోక్ పిడి పూర్తిగా లాగి తాళం తిప్పింది.

ఇంజను ఒక్క ఊపున లేచింది. తడబాటు లేదు. చలిలో కాస్త గట్టిగా, కాస్త వేగంగా, కానీ నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో మోగాయి. మాస్టారు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, గోడకు చెవి పెట్టినట్టు విన్నాడు. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. ఆయన పెదవులు రెండు పొట్టి, ఒక పొడుగు కోసం కదిలి ఆగిపోయాయి.

"ఇక దగ్గదా?" అన్నాడు.

బాగైందని చెప్పడం ఆమె వృత్తి. ఎన్నో బండ్ల యజమానులకు ఆ మాట నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

"దగ్గదండీ," అంది.

అప్పుడు ఏడ్చాడు లెక్కల మాస్టారు. బండి మడ్‌గార్డు మీద తల ఆన్చి, ఇంజను హోరును మించి, "నాన్నా" అంటూ పెద్దగా ఏడ్చాడు. తల్లి దగ్గరకొచ్చి, మడవరాని వేళ్ళతో ఆయన వీపు నిమిరింది. కోడలు ఇంజను ఆపలేదు. ఇంజను వేడెక్కుతున్న కొద్దీ చోక్ పిడిని కొద్దికొద్దిగా లోపలికి నెడుతూ, ఆయన ఏడుపు పూర్తయ్యేదాకా అలాగే కూర్చుంది.